గిబ్ రివర్ రోడ్డు మీద అమ్మతో, పిల్లలతో గుడారాల ప్రయాణం: వెళ్లొచ్చా?

కదిరి_డార్విన్ · ఏప్రిల్ 13

అందరికీ నమస్తే. ఆస్ట్రేలియాలో డార్విన్‌కి వచ్చి రెండేళ్లయింది. జూలై సెలవుల్లో వెస్ట్రన్ ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న కింబర్లీ ప్రాంతం వైపు వెళ్దామని ఉంది. మేము అయిదుగురం: నేను, మా ఆవిడ, బాబు (11), పాప (6), కదిరి నుంచి వచ్చిన అమ్మ (64). బండి పాత ప్రాడో, డీజిల్. గుడారాలు రెండు. క్యాంపింగ్ అనుభవం అంటారా, డార్విన్ దగ్గరి లిచ్‌ఫీల్డ్ పార్కులో నాలుగు రాత్రులు పడుకున్నాం, అంతే.

ప్లాన్ ఇదీ: డార్విన్, కాకడూ, కేథరిన్, కునునూరా, బంగిల్ బంగిల్, గిబ్ రివర్ రోడ్డు, మిచెల్ జలపాతం, డెర్బీ, బ్రూమ్, మళ్లీ డార్విన్. 12 రోజులు. అమ్మకి బీపీ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. మోకాళ్లు మెట్లు చూస్తే సణుగుతాయి. తెలిసినవాళ్లు చెప్పండి, సాధ్యమేనా? మా ఆవిడకి ఇప్పటికే టెన్షన్ మొదలైంది.

ఎర్రదుమ్ము · ఏప్రిల్ 13

సాధ్యమే. కాకపోతే బండి దిగకూడదు. అన్నీ అద్దంలోంచే చూడాలి.

సరదాకి అన్నాను, ఏమీ అనుకోకండి. గిబ్ మీద మూడుసార్లు వెళ్లాను, మొదటిసారి నేనూ ఇలాంటి ప్లానే వేసుకుని మొహం పగలగొట్టుకున్నాను. లెక్క చూడండి. డార్విన్ నుంచి కునునూరాకే 830 కిలోమీటర్లు. గిబ్ రోడ్డు డెర్బీ దాకా దాదాపు 660. కాగితం మీద 660 అంటే హైదరాబాద్ నుంచి తిరుపతికి వెళ్లి ఇంకాస్త ముందుకి వెళ్లినంత. కానీ ఇది ఒకప్పుడు పశువుల్ని రేవుకి తోలుకెళ్లిన దారి. రెండు చివర్లా కొంత తారు ఉంది, మధ్యలో అంతా మట్టి, కంకర. రేకుల షెడ్డు కప్పు మీద బండి తోలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వాటినే ఇక్కడ కారుగేషన్లు అంటారు. గంటకి 60, 70 దాటితే ఏదో ఒకటి ఊడుతుంది.

నా సలహా: కాకడూ తీసేయండి, అది మీ పెరట్లోదే, ఏ మూడు రోజుల సెలవుకైనా వెళ్లొచ్చు. మిచెల్ జలపాతం తీసేయండి, అక్కడికి వెళ్లే అడ్డరోడ్డు గిబ్‌కి మేనమామ, ఇంకా అధ్వానం. బంగిల్ బంగిల్ తీసేయండి. బ్రూమ్ కూడా.

కదిరి_డార్విన్ · ఏప్రిల్ 14

ఇంక మిగిలిందేంటన్నా? బ్రూమ్‌లో సముద్రం చూపిస్తానని పాపకి మాటిచ్చాను.

ఎర్రదుమ్ము · ఏప్రిల్ 14

సముద్రం డార్విన్‌లో లేదా తమ్ముడూ?

మిగిలిందే అసలు సరుకు. కునునూరా, ఎల్ క్వెస్ట్రో, ఎలెన్‌బ్రే, మానింగ్ గార్జ్, గాల్వన్స్ గార్జ్, బెల్ గార్జ్, విన్‌జానా, టన్నెల్ క్రీక్. గార్జ్ అంటే కొండ గోడల మధ్య ఇరుకు లోయ. విన్‌జానా దగ్గర డెర్బీకి పోకుండా ఎడమకి తిరిగితే టన్నెల్ క్రీక్ మీదుగా ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ దగ్గరి తారురోడ్డు ఎక్కుతారు. అక్కడ నది మీది పాత వంతెన 2023 జనవరి వరదకి పోయింది, ఆ డిసెంబరుకే కొత్తది కట్టేశారు. అక్కణ్ణుంచి హాల్స్ క్రీక్, కునునూరా, ఇల్లు. ఒక్కో చోట రెండు రాత్రులు ఉండండి. రోజూ గుడారం వేసి పీకడం ఎంత పనో నాలుగో రోజుకి తెలుస్తుంది.

పెర్త్ పిన్ని · ఏప్రిల్ 14

మా ఇంట్లో నాలుగో రోజున మాటలుండేవి కాదు. గుడారం మేకులు కొట్టే చప్పుడు ఒక్కటే.

బాబూ, అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. సరిహద్దు దాటి వెస్ట్రన్ ఆస్ట్రేలియాలోకి వచ్చేటప్పుడు తనిఖీ ఉంటుంది. పండ్లు, పచ్చికూరలు, తేనె తెచ్చుకోనివ్వరు. అరటిపండ్లు సరిహద్దు ముందే తినేయండి, ఉల్లిపాయల దగ్గర్నుంచి కునునూరాలో కొనుక్కోండి. ముఖ్యంగా కరివేపాకు! అది నిమ్మ కుటుంబం చెట్టు. నిమ్మ జాతికి తెగులు తెస్తుందని ఆకు కూడా వదలరు. అమ్మగారి చేత ఇంట్లోనే కరివేపాకు పొడి కొట్టించి సీసాలో పెట్టుకోండి.

ఇంకోటి, మా గడియారం మీకన్నా గంటన్నర వెనక. జూలైలో కునునూరాలో సాయంత్రం అయిదింపావుకల్లా పొద్దుగూకిపోతుంది. నాలుగింటికి బండి ఆగిపోవాలి. ఆ రోడ్లకి కంచెలు ఉండవు, చీకట్లో ఆవు అడ్డం వస్తే ఆవూ పోతుంది, మీరూ పోతారు.

టైరుమేష్టారు · ఏప్రిల్ 15

టైర్ల గురించి అడగనే లేదు మీరు. ముందు అది అడగాలి.

ఒక స్పేర్ చాలదు, రెండు. టైర్లు ఏ రకం? పక్కగోడ పలచగా ఉండే సిటీ టైర్లయితే ఇప్పుడే మార్చండి, అక్కడ రాళ్లు అడుగున కాదు, పక్కన చీలుస్తాయి. తారు మీద 38 గాలి ఉంటే మట్టి ఎక్కగానే 28కి దించండి, తారు ఎక్కగానే మళ్లీ కొట్టండి. దానికో చిన్న కంప్రెసర్, ఒక మీటరు. జాకీ కింద పెట్టడానికి ఒక మందపాటి చెక్క. స్పేర్ చక్రం కిందకి ఎలా దించాలో ఇంటి ముందు ఒకసారి ప్రాక్టీస్ చేయండి. పిల్లల ముందు మొదటిసారి చేస్తే పరువు పోతుంది.

బండి పైకప్పు మీద జాస్తి బరువు పెట్టొద్దు. అయిదుగురు మనుషులు, నీళ్లు, డీజిల్, రెండు స్పేర్లు కలిపితే ప్రాడోకి కట్టిన హద్దు ఇట్టే దాటుతుంది. వేబ్రిడ్జి మీద ఒకసారి తూకం వేయించండి.

రాత్రి డ్యూటీ · ఏప్రిల్ 15

నేను ఆ పక్క ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. అమ్మగారి మాత్రలు ప్రయాణానికి సరిపడా కాదు, రెండింతలు వెంట పెట్టుకెళ్లండి. సగం మీ బ్యాగులో, సగం బండి ముందు డబ్బాలో. విజిటర్ వీసా మీద వచ్చారు కాబట్టి ఆవిడ ఇన్సూరెన్స్‌లో అంబులెన్స్, విమానం తరలింపు ఉన్నాయో లేదో కాగితం తీసి చదవండి. 1928 నుంచి విమానంలో వచ్చే ఫ్లయింగ్ డాక్టర్లు తిరుగుతున్నారు, నిజమే, కానీ వాళ్లకి మీరు ఎక్కడున్నారో తెలియాలి కదా. ఫోన్ సిగ్నల్ వందల కిలోమీటర్లు ఉండదు. శాటిలైట్ ఫోనో, ఆపదలో మీటనొక్కే బీకనో అద్దెకి తీసుకోండి.

పాము కరిస్తే కట్టు కట్టి, కాలు కదపకుండా, మనిషిని నడిపించకుండా ఉంచాలి. కోయడం, పీల్చడం, పసరు వద్దు. మందపాటి సాగే బ్యాండేజీలు మూడు కొనండి. నేను చూసిన కేసుల్లో పాములకన్నా ఎండదెబ్బ, పొయ్యి మీద కాలిన చేతులు ఎక్కువ.

నీళ్లు మేము మనిషికి రోజుకి 10 లీటర్ల లెక్కన పెట్టుకునేవాళ్లం, తాగడానికి, వంటకి, గిన్నెలకి కలిపి. బండి ఆగిపోతే బండి వదిలి నడవొద్దు.

గోదారి గట్టు · ఏప్రిల్ 16

ఇంత భయపెడితే మనిషి ఇల్లు కదలడు. మేము చిన్నప్పుడు గోదాట్లో ఈదలేదా? అక్కడి గుంటల్లో ఉండేవి మంచినీటి మొసళ్లే, అవి కరవవంటారు. హాయిగా ఈతలు కొట్టండి.

రాత్రి డ్యూటీ · ఏప్రిల్ 16

కరవవని ఎవరన్నారండీ? సన్న మూతి మంచినీటి మొసలి జోలికి పోకపోతే ఊరుకుంటుంది, తొక్కితే కరుస్తుంది. అసలు ప్రమాదం రెండో రకం, ఉప్పునీటి మొసలి. పేరులో ఉప్పునీరు ఉంది కదా అని సముద్రంలోనే ఉంటుందనుకోకండి. నది పట్టుకుని లోపలికి చాలా దూరం వస్తుంది. 1971లో వేట ఆపేనాటికి నార్తర్న్ టెరిటరీలో మూడు వేలు మిగిలాయంటారు, ఇప్పుడు లక్ష దాకా ఉన్నాయి.

ఎర్రదుమ్ము · ఏప్రిల్ 16

గట్టు గారూ, మీ గోదారి వేరు, మా పెంటెకోస్ట్ నది వేరు.

తమ్ముడూ, సూత్రం ఇదే: బోర్డు మీద ఈదొచ్చని ఉన్నచోటే, ఆరోజు అక్కడివాళ్లని అడిగాకే దిగాలి. నీటి అంచుకి అయిదు మీటర్ల లోపుకి పిల్లల్ని పోనివ్వొద్దు. గుడారం నీటికి కనీసం 50 మీటర్ల దూరంలో. గిన్నెలు నది ఒడ్డున తోమొద్దు, అది మన అలవాటు కాబట్టి మరీ చెబుతున్నాను. రోజూ ఒకే చోట నీళ్లు తోడుకోవద్దు, మొసలి చూస్తూ ఉంటుంది.

పెంటెకోస్ట్ నదికి వంతెన లేదు, నీళ్లలోంచే దాటాలి. వేరే చోట లోతు చూడ్డానికి కాలినడకన దిగుతారు. అక్కడ దిగకూడదు. ఇంకో బండి వచ్చేదాకా ఆగి, అది ఎక్కడినుంచి పోయిందో, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి వెళ్లండి. లో రేంజ్, రెండో గేరు, మధ్యలో గేరు మార్చొద్దు, ఆగొద్దు.

గోదారి గట్టు · ఏప్రిల్ 17

సరే, మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొసలి మాట ఒక్కటే. మిగతాది అనవసర టెన్షనే.

గోల్కొండ పిల్ల · ఏప్రిల్ 19

మధ్యలో వస్తున్నాను. కింబర్లీలో పొట్ట ఉబ్బిన సీసాల్లాంటి చెట్లు ఉంటాయట కదా, బోఅబ్‌లు? వాటి అన్న ఒకటి మా గోల్కొండలో ఉంది. నయా ఖిల్లాలో హతియాన్ కా ఝాడ్ అంటారు, ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. చిన్నప్పుడు దాని తొర్రలో దూరేవాళ్లం. కదిరి గారూ, మీరు చూసినప్పుడు పోల్చి చెప్పండి.

కదిరి_డార్విన్ · మే 2

అందరికీ థాంక్స్. బ్రూమ్ తీసేశాను. పాప రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు 16 రోజులు, సగం దూరం. టైర్లు కొన్నాను (జేబు ఖాళీ), స్పేర్ దించడం ప్రాక్టీస్ చేశాను, 40 నిమిషాలు పట్టింది, పక్కింటాయన కుర్చీ వేసుకుని చూశాడు. తూకం వేయిస్తే 140 కేజీలు ఎక్కువ! అమ్మ తెచ్చిన రాయి రుబ్బురోలు దింపేశాం.

పెర్త్ పిన్ని · మే 2

రుబ్బురోలా!

కదిరి_డార్విన్ · జూలై 3, కునునూరా నుంచి

సిగ్నల్ ఉంది కాబట్టి రాస్తున్నాను. దారిలో టింబర్ క్రీక్ దగ్గర ఒక బోఅబ్ చూశాం, దాని మీద 1856 జూలై తేదీ చెక్కి ఉంది, గ్రెగరీ అనే అన్వేషకుడి బృందం పని. ఈ చెట్టు శాస్త్రీయనామంలోనూ ఆయన పేరే. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "మన తిమ్మమ్మ మర్రిమానైతే ఊరంత నీడ ఇస్తాది, ఇదేందిరా ఆకు కూడా లేదు" అంది. వానల్లేని కాలంలో ఆకు రాలుస్తుందని చెప్పాను. "నీళ్లు పొట్టలో దాచుకున్నట్టుంది, తెలివైందే" అని ఒప్పుకుంది. గోల్కొండ పిల్ల గారూ, ఇదే పోలిక.

సరిహద్దు దగ్గర ఏం జరిగిందంటే, కరివేపాకు పొడి కొట్టింది అమ్మ, పిన్ని గారు చెప్పినట్టే. తనిఖీ ఆవిడ పొడి, ఆవకాయ చూసి తిరిగి ఇచ్చేసింది. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. వెనక సీట్లోంచి అమ్మ మెల్లగా చేతిసంచి విప్పి, తడిగుడ్డలో చుట్టిన రెండు రెమ్మలు తీసి ఇచ్చింది. "పోపుకని" అంది నాతో. నా మొహంలో రంగు పోయింది. ఆవిడ నవ్వి చెత్తడబ్బాలో పడేసింది, అంతే. అమ్మ మాత్రం చెత్తడబ్బా వైపే చూస్తూ బండెక్కింది.

పెర్త్ పిన్ని · జూలై 3

రెండు రెమ్మలు! పాపం ఆ తల్లి ప్రాణం ఎంత కొట్టుకుందో.

టైరుమేష్టారు · జూలై 4

గాలి దించడం మర్చిపోకండి.

కదిరి_డార్విన్ · జూలై 13, హాల్స్ క్రీక్ నుంచి

పది రోజుల తర్వాత ఫోన్ మోగింది. అన్నీ ఒకేసారి రాస్తున్నాను, టైపింగ్ తప్పులు క్షమించండి, వేళ్ల మధ్య ఇంకా ఎర్రమట్టి ఉంది.

ఎల్ క్వెస్ట్రోలో జెబెడీ అనే వేడినీటి ఊటలు ఉన్నాయి, మధ్యాహ్నం 12 వరకే పంపిస్తారు. పొద్దున్నే వెళ్లాం. తాటిజాతి చెట్ల కింద రాళ్ల మధ్య గోరువెచ్చటి గుంటలు. అమ్మ చీరతోనే కూర్చుంది, మోకాళ్ల దాకా నీళ్లు. గంటన్నర లేవలేదు. 12 కాగానే వాళ్లొచ్చి లేపాల్సి వచ్చింది. మర్నాడు తెల్లారి నాలుగింటికే నన్ను లేపి మళ్లీ పోదామంది.

పెంటెకోస్ట్ దగ్గర ముప్పావుగంట ఆగాం. ఒక ముసలి జంట క్యారవాన్ లాక్కుంటూ వచ్చి, మా వైపు చెయ్యి ఊపి, మొక్కజొన్న చేలో నడిచినట్టు దాటేశారు. వెనకే నేను. నీళ్లు చక్రం సగం దాకా వచ్చాయి. కింద గుండ్రాళ్లు, స్టీరింగ్ చేతిలో ఉండదు. అమ్మ ఆంజనేయ దండకం మొదలుపెట్టింది, అది పూర్తయ్యేలోపే అవతల గట్టు. బాబు "అయిపోయిందా?" అన్నాడు నిరుత్సాహంగా. ఒక్క మొసలీ కనబడలేదు, ఉండే ఉంటుంది.

ఎలెన్‌బ్రే స్టేషన్‌కి వెళ్తున్నాం అంటే అమ్మ రైల్వే స్టేషన్ అనుకుంది. ఇక్కడ స్టేషన్ అంటే పశువుల కమతం, కొన్ని మన మండలాలంత ఉంటాయి. అక్కడి స్కోన్లు (ఒక రకం బన్నులు) పేరున్నవే. అమ్మ ఒకటి తిని, "రాగి సంగటి అయితే ఇంకా బాగుండు" అంది.

ఇక టైరు. మేష్టారూ, మీరు తిట్టండి. ఎలెన్‌బ్రే దాటాక రోడ్డు కాస్త నున్నగా ఉందని 90కి పోనిచ్చాను. ఫట్. వెనక ఎడమ టైరు పక్కగోడ బొటనవేలంత చీలిక. ఎండ, ఈగలు, బండిలో ఏడుస్తున్న పాప. సామాను దింపితే ఇంకో సంగతి తెలిసింది: ఒక నీళ్ల క్యాను మూత వదులై బియ్యం సంచి మొత్తం తడిసింది. ఫ్రిజ్ ప్లగ్గు ఎప్పుడు ఊడిందో ఏమో, పెరుగు పులిసి పొంగింది. ఆ క్షణంలో నాకు ఏడుపొక్కటే తక్కువ. నేను జాకీ తిప్పుతూ అందరి మీదా అరుస్తున్నాను.

అమ్మ ఏమీ అనలేదు. బోఅబ్ మాను నీడలో దుప్పటి పరిచింది. పొయ్యి అంటించి ఆ తడిసిన బియ్యం అక్కడే వండేసింది, పులిసిన పెరుగులో కలిపి పొడి పోపు పెట్టింది. ఈలోగా మూడు బండ్లు వాటంతటవే ఆగాయి. ఎవరినీ పిలవలేదు నేను. ఒకాయన తన పెద్ద జాకీ తెచ్చాడు, ఇంకొకాయన నట్లు బిగించాడు. అందరికీ అమ్మ కాగితం పళ్లేల్లో పెరుగన్నం పెట్టింది. ఆవకాయ తిని ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకుని ఇంకాస్త అడిగాడు. అరగంట పని రెండున్నర గంటలు పట్టింది, ఎవరికీ తొందర లేదు. నేనే అరిచినందుకు సిగ్గుపడుతూ కూర్చున్నాను.

పెర్త్ పిన్ని · జూలై 13

రుబ్బురోలు దింపినందుకు ఇంకా సిగ్గుపడాలి మీరు.

టైరుమేష్టారు · జూలై 13

తిట్టను. 90 అని నిజం చెప్పారు, చాలామంది 60 అంటారు. రెండో స్పేర్ మళ్లీ ఎక్కడ దొరికింది?

కదిరి_డార్విన్ · జూలై 14

దొరకలేదు మేష్టారూ, మౌంట్ బార్నెట్ రోడ్‌హౌస్‌లో మా సైజు లేదు. డీజిల్ మాత్రం పోయించుకున్నాం. మిగతా దారంతా ఒక్క స్పేర్‌తో 60 దాటకుండా వచ్చాను. అది మంచికే, అంతకుముందు కనబడని పక్షులన్నీ కనబడ్డాయి.

మానింగ్ గార్జ్‌లో మూడు రాత్రులు ఉన్నాం, రెండు అనుకుని. గుడారాల పక్కనే ఇసుక ఒడ్డు, ఈదొచ్చని రోడ్‌హౌస్‌లో చెప్పారు. అవతల గట్టుకి చిన్న పడవలో తాడు లాక్కుంటూ పోవాలి, ఆ తర్వాత రాళ్లలో గంటకు పైగా నడక. అమ్మ రాలేదు. తిరిగొచ్చేసరికి పక్క గుడారాల నలుగురు ఆడవాళ్ల మధ్య కుర్చీలో ఉంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, వాళ్లకి తెలుగు రాదు, మూడు గంటలు ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకావిడ వచ్చే ఏడు కదిరి వస్తానంటోంది. గాల్వన్స్‌కి మాత్రం నడిచి వచ్చింది, రోడ్డు నుంచి కిలోమీటరు లోపే.

విన్‌జానా గోడలు ఒకప్పుడు సముద్రంలోని పగడపు దిబ్బలట, 35 కోట్ల ఏళ్ల పైమాట. అడుగున ఇసుకలో సన్న మూతి మొసళ్లు ఎండ కాచుకుంటూ ఉన్నాయి. పాప 31 లెక్కపెట్టింది. దూరం నుంచే. అక్కడివాళ్లు ఆ చోటుని బండిల్ంగన్ అంటారు.

టన్నెల్ క్రీక్ కొండ కింద ముక్కాలు కిలోమీటరు సొరంగం, టార్చి పట్టుకుని చల్లటి నీళ్లలో నడవాలి. బునుబా అనే ఆదివాసీ తెగ వీరుడు జండమర్రా 1894 నుంచి పోలీసులతో పోరాడి, 1897లో ఇక్కడే చనిపోయాడు. బోర్డు చదివి బాబుకి చెబుతుంటే వాడు "మన అల్లూరిలాగానా?" అన్నాడు. అవునన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పడానికి నాకూ తెలియదు, ఇప్పుడు చదువుతున్నాను.

గోదారి గట్టు · జూలై 14

బాగుంది. ఇంతకీ ఈదారా?

కదిరి_డార్విన్ · జూలై 14

మానింగ్‌లో, గాల్వన్స్‌లో, బెల్‌లో ఈదాం. మిగతా చోట్ల ఒడ్డుకి కూడా పోలేదు. డార్విన్ వచ్చాక పాప సముద్రం ఒడ్డున నిలబడి ఇక్కడ కూడా దిగకూడదా అని అడుగుతుందని నాకు భయంగా ఉంది.

రాత్రి డ్యూటీ · జూలై 15

అమ్మగారి బీపీ ఎలా ఉంది?

కదిరి_డార్విన్ · జూలై 18, ఇంటి నుంచి

ఇంటికొచ్చి చూపించాం అక్కా. అమ్మది బాగుంది. నాది కొంచెం ఎక్కువుందన్నారు.

గోల్కొండ పిల్ల · జూలై 19

వచ్చే ఏడాది మేము వెళ్దామనుకుంటున్నాం. వంటకి ఏం తీసుకెళ్లారో ఒక్క ముక్కలో చెప్పండి.

కదిరి_డార్విన్ · జూలై 19

మూడు లీటర్ల చిన్న కుక్కరు, దానికి ఇంకో రబ్బరు (దుమ్ముకి మొదటిది పాడైంది), ఒంటి పొయ్యి, గ్యాసు డబ్బాలు, బొంబాయి రవ్వ, కందిపప్పు, చింతపండు, పొడులు, ఆవకాయ. బియ్యం మూత బిగించే డబ్బాలో, సంచిలో వద్దు. పెరుగు తోడు అమ్మ చిన్న ఫ్లాస్కులో విడిగా దాచింది, అందుకే మర్నాటికి మళ్లీ పెరుగుంది.

డార్విన్‌లో ఎవరికైనా కావాలంటే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగున్నాయి, వచ్చి ఊరికే తీసుకెళ్లండి. ఒకదాని మూత కారుతుంది. ఏదో గుర్తుపెట్టుకోలేదు.